తాళం వేసిన వేలు

నేను ముప్పై ఒక్కేళ్ళు నీళ్ళ మీటర్లు చదివాను. గొప్ప కోసం చెప్పడం లేదు. ఈ కథ అయ్యేసరికి మీరంతా నన్ను తిడతారు. తిట్టే ముందు మనిషి ఏ పని చేసి బతికాడో తెలుసుకుని తిడితే బాగుంటుందని చెబుతున్నాను.

మీటరు చదవడం జనం అనుకున్నంత తేలిక కాదు. గేటు దగ్గర కుక్క ఉంటుంది. మీటరు మీద ఎవరో పూలకుండీ పెట్టి ఉంటారు. అద్దం లోపల నాచు పట్టి, అది ఎనిమిదో మూడో తెలిసి చావదు. వీటన్నిటినీ మించిన తలనొప్పి తాళం వేసిన ఇల్లు. పుస్తకంలో గడి ఖాళీగా వదిలేస్తే ఆఫీసులో పెద్దాయన చీవాట్లు పెడతాడు. అందుకని మా వాళ్ళందరికీ ఒక పద్ధతి ఉండేది. పక్కింటి వాళ్ళు ఎన్ని నీళ్ళు వాడారో చూసి, తాళం వేసిన ఇంటికీ అంతే రాసేయడం. ఒకే వీధి, ఒకే గొట్టం, అటూ ఇటూగా ఒకేలాంటి సంసారాలు. ఎంత తేడా వస్తుంది కనక? నా సర్వీసు మొత్తంలో ఒక్కరంటే ఒక్కరు కూడా వేలెత్తి చూపించలేదు.

ఇక మా ఆవిడ. ఆవిడ దర్జీ. పెళ్ళైన మూడో నెలలో వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టింది, ఇంతవరకూ తీయలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మోటారు పెట్టించుకోవే అంటే వినదు. కాలితో తొక్కితేనే గుడ్డ చెప్పిన మాట వింటుందట. అలా తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. మంచం దిగాలంటే గోడ కావాలి, గోడ దాటాలంటే నా భుజం కావాలి. ఒకరోజు మిషను దగ్గర కూర్చుని, కాలు పెట్టబోయి పెట్టలేక, కత్తిరించిన గుడ్డ ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. మా ఆవిడ ఏడిపించడమే కానీ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"కీలు మార్చేద్దాం. మూడు నెలల్లో మిషను తొక్కుతారు" అన్నాడు డాక్టరు. ఆ మాటతో మా ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన రక్తపరీక్ష కాగితం చూసి మొహం చిట్లించాడు. ఒంట్లో మాంసకృత్తులు తక్కువున్నాయట, షుగరు అంచు మీదుందట. సత్తువ లేని ఒంటిని కోస్తే గాయం మానదని, రెండు వారాలు బలానికి పొడి తాగి రమ్మని డైటీషియన్ అమ్మాయి దగ్గరికి పంపించాడు.

ఆ అమ్మాయి చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టుంటుంది. పొద్దున రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు, గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగాలని మెల్లగా చెప్పి నాలుగు డబ్బాలు చేతిలో పెట్టింది. డబ్బా మీద మా వయసు దంపతులిద్దరు నవ్వుతూ కొండెక్కుతున్నారు. నాకు వాళ్ళని చూస్తేనే ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చి కలిపిచ్చాను. మా ఆవిడ ఒక్క గుక్క తాగి గ్లాసు నా వైపు తోసేసింది.

"సుద్దముక్క అరగదీసి ఇచ్చినట్టుంది. నా వల్ల కాదు."

"డాక్టరు గారు చెప్పారు కదే."

"డబ్బా అయిపోవాలన్నారు. ఎవరి పొట్టలోకి పోవాలో చెప్పారా? మీరు తాగండి."

మా ఇంట్లో మొదటినుంచీ ఏదొచ్చినా సగం సగం. ఒక్క బిస్కెట్టు మిగిలినా విరిచి పంచుకోవాల్సిందే. నేను తాగి చూశాను. వెనిల్లా వాసన, కమ్మగా ఉంది. నిజం చెప్పొద్దూ, మొదట్లో సగం సగమే అనుకున్నాం, మూడో రోజు నుంచి మొత్తం నేనే తాగాను. మా కూతురు సాయంత్రాలు వచ్చి డబ్బాలో పొడి ఎంత తగ్గిందో చూసి, "అమ్మ బుద్ధిగా తాగుతోందే" అని మురిసిపోయేది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళం. మా అమ్మాయి పక్క వీధిలోనే ఉంటుంది, బడిలో లెక్కల టీచరు. దానికి అబద్ధం చెప్పి బతికి బట్టకట్టినవాడు లేడు.

రెండు వారాల తర్వాత రక్తం చూస్తే మా ఆవిడ ఎక్కడ మొదలెట్టిందో అక్కడే ఉంది. నేను మాత్రం రెండు కిలోలు పెరిగాను. డైటీషియన్ అమ్మాయి మా ఆవిడ కాగితం చూసింది, నా పొట్ట చూసింది. ఆపరేషను పది రోజులు వాయిదా పడింది. ఆ పది రోజులూ మా అమ్మాయి పూటపూటకీ వచ్చి తల్లి ఎదురుగా కుర్చీ వేసుకుని, చివరి చుక్క దిగేదాకా కదల్లేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి గుటకలు మింగేవాణ్ణి.

అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఆపరేషను బాగానే జరిగింది. కానీ ఆ దెబ్బకి, అంచు మీదున్న షుగరు కాస్తా పైకెక్కింది. అలా ఎక్కడం మామూలేనని, దాన్ని దించకపోతేనే ప్రమాదమని డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. గాయం మూసుకోకపోతే క్రిములు లోపల కొత్త కీలు దాకా పోతాయి. పోతే మళ్ళీ కోసి, పెట్టింది తీసేయాలి. తర్వాత నడక సంగతి ఆయన కూడా చెప్పలేడు. మా ఆవిడ మంచం మీదనుంచి వింటూ నా చొక్కా అంచు పట్టుకుంది.

ఇంటికి పంపిస్తూ షుగరు చూసే మిషను, ఒక పుస్తకం ఇచ్చారు. రోజూ పొద్దున ఆరింటికి, పరగడుపున, వేలి మీద సూదితో పొడిచి, రక్తపు చుక్క తీసి, అంకె రాసి, డైటీషియన్ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి. ఆ అమ్మాయి డాక్టరుని అడిగి ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో చెబుతుంది. ఏడింటికి మా అమ్మాయి వచ్చి ఇంజెక్షన్ చేసి బడికి పోతుంది.

"రీడింగు నాన్నకి వదిలేద్దాం. జీవితమంతా అదే కదా చేశాడు" అంది మా అమ్మాయి. నేను ఛాతీ విరుచుకున్నాను.

మొదటి రోజు ఆరింటికి మా ఆవిడ వేలు పట్టుకుని పొడిచాను. రక్తం రాలేదు. ఇంకో వేలు. రాలేదు. మూడో వేలు. ముప్పై ఆరేళ్ళు సూదితో పనిచేసిన చేతులు అవి. వేలి తొడుగు పెట్టుకోవే అంటే ఎన్నడూ పెట్టుకోలేదు, చివర్లన్నీ చెప్పు అట్టలా గట్టిపడిపోయాయి. నాలుగో పోటుకి మా ఆవిడకి మెలకువ వచ్చింది. ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. నన్నూ, మా అమ్మనీ, నాకు ఉద్యోగమిచ్చిన నీళ్ళ ఆఫీసునీ కలిపి దులిపేసి, మందు మత్తులో మళ్ళీ నిద్రపోయింది.

ఆరుంపావు. పుస్తకంలో గడి ఖాళీగా నా వంక చూస్తోంది. ఫోన్ చేయాలి. ఇంటికి తాళం పడింది.

ఏం చేస్తాను? పక్కింటి మీటరు చూశాను.

నా వేలు మెత్తన. ఒక్క పోటుకి ముత్యంలా చుక్క వచ్చింది. ఒకే కుండలో వండింది తింటాం, ఒకే మంచం మీద పడుకుంటాం, ఏదొచ్చినా సగం సగం. ఎంత తేడా ఉంటుంది? మిషను రెండొందల పన్నెండు చూపించింది. అయ్యో పాపం, దీనికి ఇంత షుగరుందా అని మా ఆవిడ వంక జాలిగా చూసి రాసేశాను.

నాకు షుగరు లేదు మరి. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి లేదని నాకు గట్టి నమ్మకం.

మర్నాడు ఆవిడ నిద్రలేచేసరికి నేను పని ముగించి కూర్చున్నాను.

"తీసేశారా? నాకు తెలియనే లేదు."

"నిద్రలో ఉండగా మెల్లగా తీశాను."

మా ఆవిడ వేళ్ళు తిప్పి తిప్పి చూసుకుంది. పెళ్ళైనప్పటినుంచీ ఆ నోటి వెంట నాకు మెప్పు వచ్చింది బహుశా నాలుగుసార్లు. ఇది ఐదోది. పరామర్శకి ఎవరొచ్చినా, "మా ఆయన చెయ్యి ఎంత తేలికో, గుచ్చినట్టే ఉండదు" అని చెప్పడం మొదలుపెట్టింది. వింటూ ఉంటే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. అయినా హాయిగానూ ఉండేది. మానలేకపోయాను.

ఇక అంకెలు. రెండొందల పన్నెండు, రెండొందల ముప్పై, రెండొందల ఇరవై ఆరు. డైటీషియన్ అమ్మాయి రోజురోజుకీ ఇన్సులిన్ పెంచుతోంది. మా అమ్మాయి ఇంట్లో చక్కెర, జామ్ సీసా, బిస్కెట్లు అన్నీ మూటగట్టి పట్టుకుపోయింది. తల్లి దిండు కింద వెతికింది, కుట్టుమిషను సొరుగు లాగి చూసింది.

"అమ్మా, ఏం తింటున్నావో నిజం చెప్పు."

"నేనేం తింటానే? మంచం దిగితే కదా తినేది!"

ఫోన్‌లో డైటీషియన్ అమ్మాయి కూడా అదే పాట. మా ఆవిడ మొదటి నాలుగు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఐదో రోజు నుంచి అరవడం మానేసింది. మీకు తెలియదు, మా ఆవిడ అరుస్తుంటే ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. ఊరుకుందంటే నాకు దడ.

సాయంత్రం సూపు ఇస్తే సగం తాగి పక్కన పెట్టింది. గుడ్డు ఇస్తే ఆకలి లేదంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పైకప్పు వంక చూస్తూ అడిగింది.

"కాలు తీసేస్తారా?"

"ఛ, అవేం మాటలు."

"తీసేస్తే చెప్పండి. మిషను అమ్మేద్దాం. ఎదురుగా పెట్టుకుని చూడలేను."

ఆ క్షణాన చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

పదో రోజు డాక్టరు కట్టు విప్పి చూశాడు. గాయం ఒక మూల ఇంకా తడిగా ఉంది. పుస్తకం తిరగేసి, సోమవారానికి షుగరు దిగకపోతే మళ్ళీ చేర్చుకుని, తెరిచి కడగాల్సి వస్తుందన్నాడు. దారంతా మా ఆవిడ కట్టు మీదనుంచి చెయ్యి తీయలేదు.

ఇక ఉండబట్టలేక నేనొక త్యాగం చేశాను. మా అమ్మాయి చక్కెర పట్టుకుపోయిన రోజే నేను ఒక పొట్లం కొని నా పాత డ్యూటీ సంచిలో దాచుకున్నాను. చక్కెర లేని టీ నాకు దిగదు. నాలుగు చెంచాలు పడాలి. ఆ రోజు నా భార్య కోసం ఆ చక్కెర ముట్టుకోలేదు. మర్నాడు అంకె నూట తొంభై ఆరుకి దిగింది.

"చూశారా ఆంటీ, మానేస్తే ఎలా తగ్గిందో" అంది ఫోన్‌లో డైటీషియన్ అమ్మాయి.

"తింటే కదమ్మా మానడానికి" అంది మా ఆవిడ నీరసంగా.

నేను చక్కెర మానేస్తే మా ఆవిడ షుగరు ఎందుకు తగ్గింది? అప్పుడే నాకు అర్థం కావాల్సింది. అర్థమైంది కూడా. ఒప్పుకోలేదంతే. ఒప్పుకుంటే పదకొండు గళ్ళు తప్పని ఒప్పుకోవాలి. నా పుస్తకంలో తప్పుందని నా చేత ఎవరూ ఎన్నడూ అనిపించలేదు. ఆ దిగులుతో సాయంత్రం టీలో ఐదు చెంచాలు వేసుకున్నాను. పన్నెండో రోజు అంకె మళ్ళీ ఎగిరి కూర్చుంది.

పదమూడో రోజు శనివారం. రెండొందల యాభై ఒకటి. డైటీషియన్ అమ్మాయి మోతాదు మళ్ళీ పెంచింది. మా అమ్మాయికి సెలవు కాబట్టి ఇంజెక్షన్ చేసి అక్కడే ఉంది. మా ఆవిడ రెండు చెంచాలు తిని గిన్నె పక్కకి నెట్టేసింది.

ముప్పావుగంటకి నేను పేపరు చదువుకుంటుంటే మంచం కిర్రుమంది. చూస్తే మా ఆవిడ ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉంది. చేతులు గజగజ వణుకుతున్నాయి. నా వంక చూసి, "గుండీలు కుట్టలేదు, పిల్లలు వచ్చేశారు" అంది. ఇంట్లో పిల్లలెవరూ లేరు.

మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి మిషను తీసుకుంది. తల్లి బొటనవేలు పట్టుకుని, చివర కాదు, పక్కవాటుగా పొడిచింది. ఒక్క పోటుకి చుక్క వచ్చింది. అంత సులువని నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

"నలభై నాలుగు" అంది. పుస్తకం చూసింది. "ఆరింటికి రెండొందల యాభై ఒకటి. రెండు గంటల్లో ఇలా ఎలా పడిపోతుంది? మిషను పాడైనట్టుంది నాన్నా. ఇంకో స్ట్రిప్పు తీయి. అంత షుగరున్న మనిషికి తీపి పడితే ఇంకా ముంచుకొస్తుంది."

అది ఇంకో స్ట్రిప్పు కోసం వెతుకుతోంది. మా ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను రాసిన అంకెని నా కూతురు నమ్ముతోంది. మిషనుని కూడా కాదని నన్ను నమ్ముతోంది.

"మిషను బాగానే ఉంది" అన్నాను. "పుస్తకమే తప్పు. అది మీ అమ్మ రక్తం కాదు, నాది."

"ఏమిటీ?"

"పదమూడు రోజులూ నాదే. దాని వేలు తెగలేదు. ముందు తీపి పట్టు, తర్వాత చంపుదువుగాని."

మా అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తింది. అక్కడ ఏముంది? చక్కెర గింజ లేకుండా ఊడ్చింది అదే కదా. డబ్బాలన్నీ దడదడా తెరుస్తోంది. నేను అలమర తలుపు లాగి, డ్యూటీ సంచి కింద కుమ్మరించి, పొట్లం చించి, గ్లాసు నీళ్ళలో గుప్పెడు చక్కెర పోసి తెచ్చాను. మా అమ్మాయి ఆ పొట్లం చూసింది. నన్ను చూసింది. లెక్కల టీచరుకి కూడిక చేయడానికి ఎంతసేపు పడుతుంది.

తల ఒళ్ళో పెట్టుకుని గుక్కగుక్కగా పట్టాం. పెదవుల పక్కనుంచి కారిపోతుంటే నా చొక్కాతో తుడిచాను. దేవుడా, ఇది లేస్తే రోజంతా తిట్లు తింటాను అనుకున్నాను. పదిహేను నిమిషాలకి వణుకు తగ్గింది. కళ్ళు తెరిచి నిదానంగా చుట్టూ చూసింది.

"ఈ తీపి ఎక్కడిది?" అంది.

అదే రోజు ఆస్పత్రిలో ఇద్దరినీ పరీక్ష చేశారు. మా ఆవిడ షుగరు ఆపరేషనైన వారానికే దారికొచ్చి ఉంటుందట. గాయం తడిగా ఉన్నది షుగరు వల్ల కాదు, భయపడి తిండి మానేయడం వల్ల. ఇన్సులిన్ ఆపేశారు, మళ్ళీ ఆ పొడి మొదలుపెట్టారు. ఇక నాకు షుగరు కనీసం రెండేళ్ళుగా ఉందట. డాక్టరు నన్ను తిట్టడానికి నోరు తెరిచి, మా ఆవిడ మొహం చూసి, ఆ పని ఆవిడకే వదిలేసినట్టున్నాడు. డైటీషియన్ అమ్మాయి మాత్రం తన మెత్తటి గొంతుతో, "అంకుల్, ఆ పొడి డబ్బా నుంచి మీరు కాస్త దూరంగా ఉండండి" అంది.

మా ఆవిడ తిట్టలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా అమ్మాయే పొద్దున్నే వచ్చి ఇద్దరి వేళ్ళూ పొడిచి పోయేది. సోమవారం డాక్టరు గాయం చూసి, మూసుకుంటోంది, మళ్ళీ కోయక్కర్లేదన్నాడు. అది విని మా ఆవిడ నవ్వింది. డాక్టరు వంక చూసి నవ్వింది, అమ్మాయి వంక చూసి నవ్వింది. నా వంక చూడలేదు.

నాలుగో రోజు ఆరింటికి నాకు మెలకువ వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి నా ముందుకు చాపింది.

"పొడవండి."

"అమ్మాయి వస్తుందిగా."

"అమ్మాయి వద్దు. మీరే."

"నొప్పెడుతుందే."

"పెడుతుంది. పెడితే తిడతాను. ముప్పై ఆరేళ్ళుగా పడుతున్నారు, ఇంకో నాలుగు పడలేకపోయారా? మీరు తిట్లు తప్పించుకున్నారు. నేను కాలు పోతుందని దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చాను. పక్కనే ఉన్నారు మీరు."

సూదికి కాదు నేను భయపడింది, తిట్లకి కూడా కాదు. ఆ ఐదో మెప్పు పోతుందని భయపడ్డాను. అదే చెప్పాను. ఆవిడ చెయ్యి ఇంకాస్త ముందుకు జరిపింది.

"పొడవండి" అంది మళ్ళీ.

బొటనవేలు పట్టుకుని పక్కవాటుగా పొడిచాను. కళ్ళు మూసుకుని పొడిచానేమో, చుక్క రాలేదు. మా ఆవిడ మొదలుపెట్టింది. నాతో మొదలుపెట్టి, మా అమ్మ మీదుగా, నీళ్ళ ఆఫీసు దాకా వెళ్ళింది. ఇన్ని రోజుల తర్వాత ఆ గొంతు వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో పోటుకి ఎర్రగా చుక్క వచ్చింది. నూట పధ్నాలుగు. పుస్తకంలో నేను రాసిన వాటిలో అదే మొదటి నిజం అంకె. చేతివ్రాత కాస్త వంకరపోయింది.

"రాశారా?"

"రాశాను."

"ఏదీ, ఇక మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

సూది మార్చి పట్టుకున్న తీరు చూస్తే ఒళ్ళు జలదరించింది. ఇచ్చాను.